దాటించిన రోజులు

కొత్త పెట్టె ఆటోలో వచ్చింది. లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టగానే తాయారు దానికి పసుపు రాసి, కుంకుమ భరిణె అందుకుంది. పక్కన నిలబడ్డ షంషాద్ కంగారుపడింది.

"పిన్నీ, ఆ సందుల్లో కుంకుమ పడితే లోపలి ఫ్యాను ఆగిపోద్ది. పైన పెట్టు, పైన."

"నడినెత్తిన పెడతారటే ఎవరైనా? బొట్టు ముఖానికి పెట్టాలి."

"దీని ముఖం ఎటుందో నాకే తెలీదు" అంది షంషాద్, నవ్వుతూ.

తాయారు నా భార్య. షంషాద్ నరాల ఆసుపత్రిలో యంత్రాలు చూసే మనిషి. మూడు నెలలకోసారి గుంటూరు నుంచి బాపట్ల వచ్చి మా ఇంట్లో ఉన్న రోజుల పెట్టెను చూసి వెళుతుంది. దాని అసలు పేరు వేరే ఏదో ఉంది. ఆసుపత్రి కాగితాల్లో తప్ప ఎవరూ ఆ పేరు పలకరు.

ఆరేళ్ళ కిందట తాయారుకు మెదడువాపు జ్వరం వచ్చింది. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉంది. మా మంగళగిరి నరసింహస్వామి దయవల్ల బతికింది. అయితే ఆ తర్వాత, నిద్రపోతే ఆ రోజు పోయేది. జ్వరానికి ముందువన్నీ ఉండేవి. పెళ్ళి, మా అమ్మాయి చూడామణి పుట్టడం, మా పిండిమరకు మొదటి మోటారు బిగించిన రోజు, అన్నీ. జ్వరం తర్వాతవి మాత్రం ఒక్క పూట కూడా నిలిచేవి కావు. పొద్దున్నే లేచి, డాబా మీద ఎండబెట్టిన వడియాలు తీశారా అని అడిగేది. ఆ వడియాలు పెట్టింది జ్వరం వచ్చిన రోజున. నాలుగు నెలలపాటు రోజూ అడిగింది. నాలుగు నెలలపాటు రోజూ తీశానని చెప్పాను.

అప్పుడు ఈ పెట్టె ఇచ్చారు. పడుకునేటప్పుడు తలకు పట్టీ కట్టుకుంటే ఆనాటి రోజును తీసి దాచుకుంటుంది. తెల్లవారి లేవగానే ఇరవై నిమిషాలు కూర్చుంటే దాచినవన్నీ తిరిగి ఇస్తుంది. రోజూ మొత్తం మనిషిని రాసుకోదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో అంతవరకే రాసుకుంటుంది. నాకు చదువు పదో తరగతితో ఆగింది. నాకర్థమైనంత మటుకు చెబుతున్నాను.

ఆ పాత పెట్టె ఇప్పుడు ముసలిదైంది. దాని తెర ఎప్పుడో పోయింది. విడిభాగాలు తయారుచెయ్యడం మానేశారట. పోయిన నెలలో ఒక రోజు పొద్దున మొరాయిస్తే, పదిన్నర దాకా తాయారు ఆరేళ్ళ కిందటి మనిషిగా ఇల్లంతా తిరిగింది. గోడ మీద ఉన్న మనవరాలి ఫొటో చూసి "ఈ పిల్ల ఎవరండీ, ముద్దుగా ఉంది" అంది.

అందుకే కొత్తది.

తాయారు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. షంషాద్ రెండు పెట్టెల మధ్య తీగ బిగిస్తూ నాకు చెప్పింది.

"బాబాయ్, పాత రోజులన్నీ కొత్త పెట్టె తనవే అనుకోవాలి. లేకపోతే ఇవెవరో వేరే మనిషివి అనుకుని ముట్టుకోదు. అందుకని మొదటి రోజు దగ్గర్నుంచీ ఒకదాని తర్వాత ఒకటి సరిచూసుకుంటూ వస్తది. అన్నీ కుదిరితే తీసుకుంటది."

"మంచిదేగా."

"మంచిదే. ఇంకోటి కూడా. పాతదాంట్లో దాటించిన రోజులుంటే అవి కూడా వచ్చేస్తాయి. ఇందులో ఆ దాటించే బటన్ ఇంట్లోవాళ్ళ చేతిలో పెట్టలా. రోజులు ఎవరివైతే వాళ్ళ వేలిముద్రకే పనిచేస్తది."



పాత పెట్టె పక్కన ఒక చిన్న తెల్ల బటన్ ఉంది. పొద్దున పట్టీ కట్టే ముందు దాన్ని నొక్కితే నిన్నటి రోజును ఇవ్వకుండా దాటిస్తుంది. ఏదైనా ఆపరేషన్ జరిగి ఆ బాధ మరీ భరించలేనిదైతే, డాక్టరును అడిగి వాడమని చెప్పారు.

"దాటించినవి లోపలే ఉంటాయా?" అన్నాను.

"ఎక్కడికి పోతాయి బాబాయ్? చూపించదంతే. మీరేమన్నా దాటించారా?"

"ఒకటీ అరా." మళ్ళీ అడిగాను. "వాటిని ఇక్కడే వదిలెయ్యడానికి కుదరదా అమ్మా?"

"కుదరదు. ప్రతి రోజూ దాని ముందు రోజు మీద కూర్చుని ఉంటది. మధ్యలో ఒకటి లేకపోతే దాని తర్వాతవి దేని మీద కూర్చుంటాయి? కొత్తది అక్కడితో ఆగిపోద్ది. మొదటిసారి ఎప్పుడు దాటించారు?"

"రెండో ఏడు."

"అయితే అక్కణ్ణుంచి నాలుగేళ్ళూ పోతాయి."

అప్పుడు నేనొక మాట అన్నాను. ఇది రాయకుండా వదిలేద్దామని రెండుసార్లు కలం కింద పెట్టాను.

"పోనీ, మొత్తం కొత్తగా మొదలుపెడితే? ఆవిడకంత గుర్తుంచుకోవలసినవి ఏమున్నాయమ్మా. వంటా, మరా, పూజా. ఎప్పుడూ ఉండేవేగా."

షంషాద్ చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది. నన్ను చూడలేదు. గోడ మీద ఫొటో చూసింది. చూడామణి కూతురు పుట్టింది పెట్టె వచ్చాక నాలుగో ఏట. ఆ పసిదానికి మొదటి నలుగు పెట్టింది తాయారు. ఉంగా ఉంగా అంటుంటే మాట్లాడించింది, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది.

"ఎన్ని దాటించారు బాబాయ్?"

"పదకొండు."

ఆ పిల్ల స్క్రూడ్రైవరు తీసుకుని మళ్ళీ తీగ బిగించసాగింది. నన్నేదైనా అని ఉంటే బాగుండేది. తాయారు టీ తెచ్చింది. షంషాద్ గబగబా తాగేసి, గ్లాసు తనే కడిగి బోర్లించి, వీధి గుమ్మం దగ్గర నాతో మెల్లగా అంది.

"నాకేం చెప్పక్కర్లా. పిన్నికి చెప్పండి. ఆమె వేలిముద్ర పడకుండా నేను మొదలెట్టను. సాయంత్రం నాలుగింటికి వస్తా."

*

ఆ రెండో ఏడు తొలి ఏకాదశి నాడు జరిగింది ఇది.

తొలి ఏకాదశికి పేలపిండి తినాలి కదా. ఆ పొద్దున మా మర ముందు జొన్న పేలాల డబ్బాలు వరసగా ఉంటాయి. పనివాడు రాలేదు. తాయారు సాయానికి వచ్చింది. మాకు రెండు మరలున్నాయి, ఒకటి పిండికి, ఒకటి కారానికి. జ్వరానికి ముందు కారం మర కుడివైపు ఉండేది, తర్వాత నేను దాన్ని ఎడమకు మార్చాను. మార్చిన సంగతి పెట్టె ఆవిడకు రోజూ చెబుతూనే ఉంది. కానీ చేతికి పాత అలవాటు ఉంటుంది. బాలాత్రిపురం గారి రెండు కిలోల పేలాలు తీసుకెళ్ళి కారం మర తొట్టిలో పోసింది. పండగపూట పేలపిండి ఎర్రగా, ఘాటుగా దిగింది. వరసలో ఉన్నవాళ్ళంతా తుమ్మారు. ఎవరో నవ్వారు.

నేను అరిచాను. ఒక మాట అన్నాను. ఆ మాట కిందికి వస్తుంది.

మర్నాడు పొద్దున ఆవిడ లేచి కూర్చుంది. పట్టీ కట్టకముందు ఆ ముఖంలో ఏమీ లేదు. నిన్నటి ఏడుపు లేదు. నన్ను చూసి మామూలుగా నవ్వింది. ఇంకో నిమిషంలో పట్టీ కడితే ఆ నవ్వు పోతుంది. నా చెయ్యి తెల్ల బటన్ మీదికి వెళ్ళింది.

అంతే. అంత సులువు.

కానీ తాయారు తేదీలు లెక్కపెట్టే మనిషి కాదు, తిథులు లెక్కపెట్టే మనిషి. గడప కడిగి వచ్చి అడిగింది.

"ఏమండీ, నిన్న దశమి. ఇవాళ ద్వాదశి అంటోంది ఎదురింటావిడ. తొలి ఏకాదశి ఏదండీ?"

"ఈసారి ఏకాదశి లోపించింది. తిథి క్షయం" అన్నాను. పంచాంగం మీద అబద్ధం ఆడాను నేను, రోజూ సంకల్పం చెప్పుకునేవాణ్ణి.

ఆవిడ పంచాంగం తీసి చూసింది. ఏకాదశి నిక్షేపంలా ఉంది. మధ్యాహ్నానికి బాలాత్రిపురం గారు వచ్చి మిగిలింది చెప్పారు. ఆ రోజంతా తాయారు నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఆ ద్వాదశినీ దాటించాను. పంచాంగం అటక మీద పెట్టేశాను. రెండు రోజులు నీకు జ్వరం వచ్చింది, పెట్టె పట్టలేదు అని చెప్పాను. నమ్మింది.

పదకొండిట్లో నేను ఆవిణ్ణి బాధపెట్టిన రోజులు మూడు. మిగిలిన ఎనిమిదీ, ఆ మూడు ఆవిడకు తెలిసిపోయిన రోజులు. ఒకసారి చుట్టాల మాటల్లో, ఒకసారి అటక దులుపుతుంటే, ఒకసారి నా ముఖం చూసే కనిపెట్టింది. తెలిసిన ప్రతిసారీ, ఇంకెప్పుడూ అలా చెయ్యనని దేవుడి గదిలో దీపం ముందు నిలబడి చెప్పేవాణ్ణి. పొద్దున లేచి బటన్ నొక్కేవాణ్ణి. తర్వాత స్నానం చేసి అదే దీపం వెలిగించేవాణ్ణి.

చేసినవాడికి గుర్తుండి, పడినవారికి గుర్తులేకపోతే ఆ పాపం ఎక్కడ ఉన్నట్టు? స్వామిని చాలాసార్లు అడిగాను. సమాధానం పెట్టెలో ఉందని నాకు తోచలేదు.

*

మధ్యాహ్నం రెండింటికి తాయారు వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను వెళ్ళి నిలబడ్డాను.

"నీకో మాట చెప్పాలి."

"చెప్పండి. అంత దూరాన నిలబడి చెప్పేదైతే కాస్త గట్టిగా చెప్పండి."

దగ్గరగా వెళ్ళి కూర్చున్నాను. చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు. ఈనె తీసి, కాయ తుంచి, గిన్నెలో వేస్తూనే ఉంది. పేలాల దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"కారం మరలో పోశానా? నేనా?"

"నువ్వే."

"ఎవరివి?"

"బాలాత్రిపురం గారివి."

"అయ్యయ్యో. పండగపూట! మరి ఆవిడ ఏం చేసింది పాపం?"

"నువ్వు ఇంటికొచ్చి, జొన్నలు వేయించి, తిరగలి మీద విసిరి, బెల్లం కలిపి, వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇచ్చావు. ఉపవాసం ఉండి చేశావు."

ఆవిడ నా వైపు చూసింది. "అది కూడా తీసేశారా?"

అది నాకెప్పుడూ తట్టలేదు. నా తప్పు దాచాననుకున్నాను ఇన్నాళ్ళూ. దాంతోపాటు ఆవిడ చేసిన మంచిపని కూడా దాచానని ఆ క్షణం దాకా తెలియలేదు.

"ఏమన్నారు నన్ను?" అంది.

"ఏదో, కోపంలో..."

"అనండి. అప్పుడు పదిమందిలో అన్నారుగా. ఇప్పుడు ఇంట్లో అనడానికేం?"

నేల చూస్తూ అన్నాను. "పెట్టె తీసేస్తే నువ్వసలు మనిషివేనా అన్నాను."

వీధిలో చేపలబ్బి కేక వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ కేక సందు చివరిదాకా వెళ్ళాక తాయారు చేతిలోని కాయను గిన్నెలో వేసింది.

"తెలిసినప్పుడల్లా నేనేం చేశాను?"

"ఏడ్చేదానివి. ఒకసారి రెండుపూటలా అన్నం తినలేదు. ఒకసారి నవ్వావు."

"నవ్వానా?"

"నవ్వావు. ఆ రోజు నాకు ఎక్కువ భయం వేసింది."

"ఇప్పుడేం చెయ్యాలండీ నేను? ఏడవాలా? ఏడిస్తే ఇది ఎన్నోసారో కూడా నాకు తెలీదాయె."

నేను రెండు చేతులూ జోడించాను. ఆవిడ ఆ చేతులవైపు ఒకసారి చూసి మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది.

"ఇవాళ్టి రోజు రేపు నాకు ఉంటుందా?"

"ఉంటుంది."

"ఈ మాట ఇదివరకు కూడా చెప్పారా?"

"చెప్పాను."

గిన్నె పక్కన పెట్టి లేచింది. ఫోన్ తీసి పొన్నూరులో ఉన్న చూడామణికి చేసింది. నేను అక్కడ ఉండగానే చేసింది.

"అమ్మడూ, రేపు పొద్దున ఏడింటికి నాకు ఫోన్ చెయ్యి. చేసి, నిన్న మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నాన్న నీకేం చెప్పాడు అని అడుగు. నేను చెప్పలేకపోతే వెంటనే బస్సెక్కి రా... ఏం లేదే. అడగమన్నానుగా, అడుగు."

పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళకు నా భార్యకు నా ఇంట్లో నా మీద ఒక సాక్షి కావలసి వచ్చింది. ఆ సాక్షిగా నా కూతుర్నే పెట్టింది.

నాలుగింటికి షంషాద్ వచ్చింది. తాయారు పసుపు చేతులు తుడుచుకుని బొటనవేలు పెట్టింది.

"పిన్నీ, అన్నీ ఒక్కసారి వస్తాయి. బరువుగా ఉంటది. కొన్నాళ్ళు ఆగి చేసుకోవచ్చు కూడా."

"పాతది ఇంకెన్నాళ్ళు పనిచేస్తుందే?"

"చెప్పలేం. వారం, పది రోజులు."

"ఆ వారమూ బటన్ ఆయన చేతి కింద ఉంటుంది కదా" అంది తాయారు. కోపంగా అనలేదు. సరుకు లేదని చెప్పినట్టు అంది. "ఇప్పుడే కానివ్వు. నా మనవరాలు పుట్టిన రోజు కావాలి నాకు. దానికి మిగతావన్నీ తగిలి ఉంటే అవీ కావాలి."

*

ఆ రాత్రి తాయారు కొత్త పట్టీ కట్టుకునే పడుకుంది. తెల్లవారేసరికి పెట్టెలో పని పూర్తయింది. మా ఊళ్ళోనే తన అక్క ఇంట్లో ఉన్న షంషాద్ ఐదింటికల్లా వచ్చి చూసుకుంది. ఒక్క రోజు కూడా విరగలేదట, మొదటి రోజు నుంచి నిన్నటి దాకా అన్నీ కొత్త పెట్టె తనవిగా ఒప్పుకుందట.

తాయారు కొత్త పట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చుంది. షంషాద్ నన్ను బయట ఉండమంది. నా ఇంట్లో నా గది బయట, తలుపు పక్కన నిలబడ్డాను. మామూలుగా ఇరవై నిమిషాలు. ఆ రోజు గంట దాటింది. ఒకసారి లోపలి నుంచి చిన్న మూలుగు వినిపించింది. ఒకసారి నవ్వు వినిపించింది. ఆ నవ్వు మనవరాలి దగ్గరదై ఉండాలని స్వామికి మొక్కుకున్నాను. ఎంత సిగ్గులేని మొక్కు.

ఏడింటికి ఫోన్ మోగింది. తలుపు అవతల తాయారు గొంతు మామూలుగానే ఉంది.

"ఆ, గుర్తుంది. అంతా చెప్పాడు. లేదు, నువ్వు రానక్కర్లేదు. పిల్ల లేచిందా? పాలు తాగిందా?"

షంషాద్ తన సామాను సర్దుకుని, పాత పెట్టెను గుడ్డలో చుట్టి ఆటోలో పెట్టించుకుంది. వెళ్తూ తాయారు చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది. నాకు "వస్తా బాబాయ్" అని మాత్రం చెప్పింది.

తాయారు ముఖం కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏం వచ్చినా పడాలనుకుని తల వంచుకున్నాను.

"పదకొండన్నారు" అంది.

"అవును."

"పన్నెండు."

తల ఎత్తాను.

"లేదు తాయారూ. పదకొండే. ఒక్కొక్కటీ నాకు గుర్తే. నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

"పన్నెండండీ. కూర్చుని లెక్కపెట్టాను."

వేళ్ళు మడిచి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను, పైకే. పేలపిండి. మర్నాటి ద్వాదశి. చుట్టాలు వచ్చిన రోజు. అటక... పదకొండు దగ్గర ఆగిపోయాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"ఇంకోటి ఉంది" అంది.

"ఏ రోజు?"

"మీకు గుర్తులేదా?"

"లేదు. ఒట్టు..."

"ఒట్లు వద్దులెండి."

నా తలకు జ్వరం రాలేదు. నాకు పెట్టె అక్కర్లేదు. నా భార్య జీవితంలోంచి ఒక రోజు తీసేసి, తీసేసిన సంగతి కూడా మరిచిపోయాను. ఆవిడ రోజును తీసెయ్యడం నాకు ఎప్పుడో ఒకప్పుడు అంత మామూలు పనైపోయి ఉంటుంది, వీధి తలుపు గడియ వేసినట్టు.

అటక మీద నుంచి పంచాంగాలన్నీ దింపాను. ఆరేళ్ళవి ఒక్కో పేజీ తిప్పాను. మర మూసుకుని మరీ వెతికాను. ఏ తిథి దగ్గరా నా మనసు ఆగలేదు.

ఆవిడ ఇప్పుడు వంట చేస్తుంది, మరకు వస్తుంది, నాతో అవసరమైన మాటలన్నీ మాట్లాడుతుంది. పొద్దున పట్టీ కట్టుకునేటప్పుడు తలుపు వేసుకుంటుంది. ఏ రోజు ఉంచుకుంటుందో, ఏది దాటిస్తుందో నాకు తెలియదు. దాటించదనే అనుకుంటాను. ఆ పన్నెండో రోజు సంగతి నేను మూడు నెలలు అడగలేదు. మొన్న గురువారం, సంకల్పం చెప్పుకుంటూ తిథి దగ్గర నోరు ఆగిపోయి, లేచి వంటింట్లోకి వెళ్ళాను.

"ఆ రోజు ఏదో చెప్పొద్దు తాయారూ. ఒక్క మాట చెప్పు చాలు. అది చిన్నదా, పెద్దదా?"

తాయారు గరిటె ఆపి నన్ను చూసింది. వెక్కిరింపు లేదు ఆ చూపులో. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"ఎలాంటిదైతే మీకు బాగుంటుంది?"

చిన్నదైతే, అంత చిన్నదానికి కూడా ఆవిడ రోజు తీసేశానన్నమాట. పెద్దదైతే, అంత పెద్దది చేసి మరిచిపోయానన్నమాట. ఏది కోరుకోవాలో తెలియక అక్కడే నిలబడ్డాను. పొయ్యి మీద పులుసు మరుగుతోంది. ఆవిడ సమాధానం కోసం కాసేపు చూసి, మళ్ళీ గరిటె తిప్పడం మొదలుపెట్టింది.